గుర్రపు వాతం తారీఖ్: తొమ్మిదో నెల నుంచి మూడో నెలకి

మన ఇళ్లల్లో బహుకి నెల తప్పిందని తెలిసిన రోజే సాస్ నోటి నుంచి ఒక హుకుం వస్తుంది: "మూడు నెల్లు నిండేదాకా ఎవ్వరికీ చెప్పొద్దు, నజర్ తగుల్తుంది." చుట్టాలకి చెప్పకపోతే పోయేదేం లేదు. కానీ ఈ పర్దా చాలా ఇళ్లల్లో డాక్టర్ దాకా పాకుతుంది. నాలుగో నెల దాటి, కడుపు కనబడ్డాక గానీ దవాఖానా మెట్లెక్కరు. పత్రికకి ఆరోగ్య వార్తలు రాసిన సంవత్సరాల్లో ఈ మాట ఎన్ని ఊళ్లల్లో విన్నానో లెక్కలేదు. ఇప్పుడు రాస్తున్నది నజర్ గురించి కాదు, ఒక బీమారీ గురించి. డాక్టర్లు ఆ బీమారీని తొమ్మిదో నెల్లో చూడటం మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడిచి, చివరికి ఆ మూడో నెల దగ్గరికే చేరారు. అందుకని ఈ తారీఖ్ మన ఆడవాళ్లకి తెలియాలి.

డాక్టర్ల భాషలో దాని పేరు ప్రీఎక్లాంప్సియా. హామిలా ఔరత్‌కి ఇరవై వారాలు, అంటే ఐదో నెల దాటాక బీపీ పెరుగుతుంది. పేషాబ్‌లో ప్రొటీన్ పోతుంది. కొందరికి గుర్దాలు, కలేజా, దిమాగ్ దెబ్బతినే నిషానీలు కనబడతాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి, అప్పుడు దాన్ని ఎక్లాంప్సియా అంటారు. తెలుగులో పాత పేరు గుర్రపు వాతం. ప్రపంచంలో ప్రతి వంద మంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా ప్రీఎక్లాంప్సియా వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏటా సుమారు 46 వేల మంది తల్లులు దీనివల్ల పోతున్నారని కూడా అదే చెబుతుంది.

మన ఇళ్లల్లో దాన్ని ఝట్కే అంటారు. లేదా అసలు పేరే పెట్టరు, "సాయా పడింది" అంటారు. మా అమ్మీ వాళ్ల పెద్దక్క, నా బడీ ఖాలా, నేను పుట్టక ముందే మొదటి కాన్పులో అలాగే పోయింది. మగ్రిబ్ వేళ చింతచెట్టు కింద నుంచి నడిచినందుకే అట్లయిందని నానీ చివరిదాకా నమ్మింది. ఆమిల్‌ని పిలిపించారు, తావీజ్ కట్టించారు. అంతకు ముందు వారం రోజులు పిల్లకి తల పగిలిపోయేంత నొప్పి ఉండేదని, మొహం ఉబ్బిందని, గాజులు మణికట్టుకి బిగిసిపోయాయని కూడా నానీయే చెప్పేది. ఆ గాజుల మాటకీ ఈ ఝట్కేల మాటకీ మధ్య ఒక తాడు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వాళ్లని అనడానికి ఏముంది? ఆ తాడు దొరకడానికి దునియాలోని పెద్ద పెద్ద హకీములకే వందల ఏళ్లు పట్టింది. ఎక్లాంప్సియా అనేది యునానీ మాట, అంటే గ్రీకు. మెరుపు మెరిసినట్టు హఠాత్తుగా వచ్చేది అని అర్థం. చాలా కాలం దాన్ని మిర్గీతో కలిపేసేవాళ్లు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కాన్పులు చేసిన ఫ్రాన్స్వా మోరిసో, తొలిచూలు వాళ్లకే ఈ ఫిట్స్ ఖత్రా ఎక్కువని గమనించాడు. 1739లో అదే దేశపు సోవాజ్, ఇది మిర్గీ కాదు, వేరే జబ్బు అని విడగొట్టాడు. మిర్గీ ఉన్న మనిషికి ఫిట్స్ జిందగీ అంతా వస్తూ పోతూ ఉంటాయి. ఇవి కాన్పు చుట్టూ వచ్చి, ఔరత్ బతికితే ఆగిపోతాయి. ఇంత తేలిక తేడా రాసిపెట్టడానికే అంత కాలం పట్టింది.

అసలు మలుపు 1843లో, లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో వచ్చింది. అక్కడ అంతకు ముందే రిచర్డ్ బ్రైట్ అనే డాక్టర్ గుర్దాల జబ్బుని పట్టుకునే ఒక సాదాసీదా తరీఖా చూపించాడు. మరీజ్ పేషాబ్‌ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడి చేస్తే, ప్రొటీన్ ఉన్నప్పుడు కోడిగుడ్డు తెల్లసొన లాగా గడ్డకడుతుంది. అదే దవాఖానాలో కాన్పులు చూసే జాన్ లివర్, ఫిట్స్ వచ్చిన ఔరత్‌ల పేషాబ్‌లో ప్రొటీన్ కోసం వెతికాడు. దొరికింది. ఫిట్స్ లేని గర్భిణుల్లో వెతికితే దాదాపు ఎక్కడా లేదు. అదే ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ కూడా అదే చెప్పాడు. డబ్లిన్‌లో రాబర్ట్ జాన్స్ అయితే, ఫిట్స్‌కి ముందు తలనొప్పి, చేతులూ మొహం వాపు వస్తాయని రాశాడు. మా నానీ చెప్పిన బిగిసిన గాజులు 1843 నాటికే కితాబుల్లోకి ఎక్కాయన్నమాట.

ఇక్కడి నుంచే వెనక్కి నడక మొదలైంది. ఫిట్స్ వచ్చాక చేసేది ఇలాజ్. ఫిట్స్ రాకముందే పేషాబ్ చూసి పసిగట్టగలిగితే అది పేష్‌గోయీ. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

తర్వాతి ముక్క బీపీ. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కొంచెం సేపు ఆగుతాను. పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన కంపెనీ ఫౌజ్‌లో పనిచేసి, 18వ శతాబ్దం చివర్లో బ్రిటన్ వెళ్లిపోయాడు. ఇంగ్లీషులో పుస్తకం అచ్చేసిన మొదటి హిందుస్తానీ ఆయనే. 1810లో లండన్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ పెట్టాడు. అది నడవలేదు. తర్వాత బ్రైటన్‌లో హమామ్ తెరిచి దొరలకి చంపీ చేశాడు. షాంపూ అనే మాట పుట్టింది మన చంపీ నుంచే. ఆయన మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ 1849లో బ్రైటన్‌లో పుట్టి, అదే గైస్ హాస్పిటల్‌లో డాక్టరీ చదివాడు. చదువుతుండగానే, నాడి కొట్టుకోవడాన్ని కాగితం మీద గీత గీసి చూపించే యంత్రాన్ని మెరుగుపరిచాడు. దాంతో ఒక మాట తేల్చాడు. పేషాబ్‌లో ప్రొటీన్ కనబడక ముందే రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఉంటుంది. అప్పటిదాకా గుర్దా చెడితేనే ఒత్తిడి పెరుగుతుందని డాక్టర్ల యకీన్. కుర్రాడు దాన్ని తిరగేశాడు. 1884లో టైఫాయిడ్‌తో పోయాడు, 35 ఏళ్లకే.

పేరు చూసి "బీపీ కనిపెట్టింది మన ముసల్మానే" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు తయారవుతారు, నాకు తెలుసు. దయచేసి వద్దు. బీపీని కొలవడం ఒక్కరు చేసిన పని కాదు. దీన్ మహమ్మద్ ఖాందాన్ కూడా అప్పటికి ఇంగ్లండ్ సమాజంలో పూర్తిగా కలిసిపోయింది. ఆయన చూపించిన క్రమం, అంటే ముందు ఒత్తిడి, తర్వాత ప్రొటీన్ అనే మాట, కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర చాలా పనికొచ్చింది. అది చాలు.

1896లో ఇటలీలో రివా రోచి చేతికి పట్టీ కట్టి పాదరసంతో బీపీ కొలిచే పరికరం చేశాడు. మరుసటి ఏడాదే పారిస్‌లో వాకే, నోబెకూర్ అనే ఇద్దరు, ఎక్లాంప్సియా వచ్చిన ఔరత్‌లకి బీపీ బాగా ఎక్కువగా ఉంటుందని చూపించారు. ఇక పేషాబ్ సీసా, బీపీ పట్టీ, ఈ రెండూ చాలు. 1929లో బ్రిటన్ సర్కారు గర్భిణులు ఎప్పుడెప్పుడు దవాఖానాకి రావాలో ఒక పట్టిక విడుదల చేసింది. 16, 24, 28 వారాల్లో ఒక్కోసారి, తర్వాత 36 దాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత వారం వారం. చివర్లో అన్నిసార్లు ఎందుకు రమ్మన్నారు? ప్రీఎక్లాంప్సియా చివరి నెలల్లో బయటపడుతుంది కాబట్టి దాన్ని అక్కడే కాపు కాసి పట్టుకోవాలని. ఈ నమూనానే దేశదేశాలకి పాకింది. మన ఆడవాళ్లు ఎనిమిదో నెల నుంచి మాటిమాటికీ బీపీ చూపించుకుని వచ్చే ఆనవాయితీకి మూలం అక్కడే ఉంది.

ఇలాజ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 1900 ప్రాంతంలో రష్యాలో స్ట్రోగనోవ్, మరీజ్‌ని చీకటి గదిలో చప్పుడు లేకుండా పడుకోబెట్టి మత్తుమందులు ఇచ్చేవాడు. అమెరికాలో మెగ్నీషియం సల్ఫేట్ సూది వాడుకలోకొచ్చింది. అంటే మెడికల్ షాపులో విరేచనానికి ఇచ్చే ఎప్సం సాల్ట్ రకమే, సూదిమందుగా శుద్ధి చేసినది. బ్రిటన్ డాక్టర్లు దాన్ని నాటుమందులా చూసి, డయాజెపామ్, ఫెనిటాయిన్ వాడేవాళ్లు. ఈ తగాదా 1995లో తేలింది. మన హిందుస్తాన్‌తో సహా పలు దేశాల్లో 1687 మంది ఎక్లాంప్సియా ఔరత్‌ల మీద జరిగిన పరీక్షలో ఫిట్స్ మళ్లీ రావడం డయాజెపామ్ కంటే 52 శాతం, ఫెనిటాయిన్ కంటే 67 శాతం తగ్గింది. 2002లో 33 దేశాల్లో పది వేల మందికి పైగా ఔరత్‌లతో జరిగిన మాగ్‌పై పరీక్షలో, ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లకి ముందే ఈ సూది ఇస్తే ఫిట్స్ 58 శాతం తగ్గాయి. గరీబ్ దేశాల తల్లులు తమ ప్రాణాల మీద ఇచ్చిన గవాహీతో అమీర్ దేశాలు తమ ఇలాజ్ మార్చుకున్నాయి. ఇలాంటివి చరిత్రలో అరుదు.

మరి బీమారీకి అసలు సబబ్ ఏమిటి? 1916లో జర్మనీ డాక్టర్ త్స్వైఫెల్ దీన్ని సిద్ధాంతాల జబ్బు అని వెక్కిరించాడు. ఎవరి ఖయాల్ వాళ్లది. విషం అన్నారు, ఉప్పు అన్నారు. ఉప్పు మాన్పించి ఎంతమంది గర్భిణులకి చప్పిడి తిండి పెట్టారో! 1983లో షికాగో పరిశోధకులు ఏకంగా ఒక పురుగుని చూశామన్నారు, దానికి లాటిన్ పేరు కూడా పెట్టారు. తీరా చూస్తే అది స్లైడ్ తయారీలో ఏర్పడిన ఆకారమే తప్ప ప్రాణి కాదని తేలింది. అదే షికాగోలోని లైయింగ్ ఇన్ ప్రసూతి హాస్పిటల్‌లో, కాన్పుల వైద్యానికి సేవ చేసినవాళ్ల పేర్ల పక్కన, ఈ బీమారీ సబబ్ కనిపెట్టే మనిషి కోసం ఒక ఫలకం ఖాళీగా ఉంచారని డాక్టర్లు చెప్పుకుంటారు.

ఒక సబూత్ మాత్రం ఎప్పటినుంచో కళ్ల ముందే ఉంది. ముత్యాల గర్భం అనేది ఒకటుంటుంది. కడుపులో బచ్చా ఉండదు, మాయ మాత్రమే ద్రాక్ష గుత్తిలా పెరుగుతుంది. అలాంటి వాళ్లకీ ప్రీఎక్లాంప్సియా వస్తుంది. అంటే దోషి బిడ్డ కాదు, మాయ. మన దాయీలు ఆన్వల్ అనేది దాన్నే. మాయ బయటికొస్తేనే జబ్బు దిగడం మొదలవుతుంది, అందుకే కాన్పు చేయడమే నేటికీ అసలు ఇలాజ్. 1960లు, 70ల్లో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే ముగ్గురు, మాయ గర్భసంచికి అతుక్కునే చోట రక్తనాళాల్ని పరీక్షించారు. మామూలుగా ఆ సన్నటి మెలికల నాళాలు గర్భం తొలి నెలల్లోనే వెడల్పై, మాయకి ధారాళంగా ఖూన్ పంపుతాయి. ఈ బీమారీలో ఆ వెడల్పు పని సగంలో ఆగిపోయి కనబడింది. ఎనిమిదో నెల్లో మొహం వాచిన ఔరత్‌కి జబ్బు ఎనిమిదో నెల్లో పుట్టలేదు. మూడు, నాలుగు నెలలప్పుడే, ఆమెకి ఏ తక్లీఫ్ లేనప్పుడే పునాది పడిపోయింది.

సన్న నాళాల మాయ తల్లి ఒంటినంతా ఎలా చెడగొడుతుంది? దీనికి జవాబులో పెద్ద భాగం 2003లో బోస్టన్ నుంచి వచ్చింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన గుర్దాల డాక్టర్ అనంత్ కరుమంచి, ఆయన జట్టు, జబ్బున్న మాయలో ఎస్‌ఫ్లట్ వన్ అనే ప్రొటీన్ విపరీతంగా తయారవుతోందని పట్టుకున్నారు. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి ఒంట్లో కొన్ని ప్రొటీన్లు ఖత్ పట్టుకొచ్చే డాకియాల్లా తిరుగుతుంటాయి. ఈ ఎస్‌ఫ్లట్ వన్ దారిలో కాపేసి వాళ్ల చేతుల్లోంచి ఖత్‌లు లాక్కుంటుంది. దాన్ని కడుపుతో ఉన్న ఎలుకలకి ఎక్కిస్తే బీపీ పెరిగింది, పేషాబ్‌లో ప్రొటీన్ పడింది, గుర్దాలు అచ్చం ఈ ఔరత్‌ల గుర్దాల్లాగే అయ్యాయి. ఆ డాకియాల్లో ఒకదాన్ని ఆపేసే కేన్సర్ మందు వాడిన మరీజ్‌లకీ బీపీ, ప్రొటీన్ రావడం ఈ మాటకి బలం.

దాంతో పేష్‌గోయీ కోసం రక్తపరీక్ష పుట్టింది. లాక్కునే ప్రొటీన్ ఎంత, డాకియా ప్రొటీన్ ఎంత అని రెంటి నిష్పత్తి చూస్తారు. 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం, జబ్బు అనుమానం ఉన్న ఔరత్‌కి ఈ అంకె 38 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, వారం దాకా ప్రీఎక్లాంప్సియా రాదని 99 శాతం పైగా భరోసా ఇవ్వొచ్చు. 2023లో అమెరికా సర్కారు ఇలాంటి పరీక్షకి ఇజాజత్ ఇచ్చింది. బాగానే ఉంది, కానీ ఇది కూడా చివరి నెలల పనే. ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరిని మంచం మీద ఉంచాలి అనేదానికి పనికొస్తుంది. జబ్బుని ఆపదు.

ఆపే ఖిస్సా ఆస్పిరిన్‌ది. చాలా సస్తా గోలీ. 1979లో క్రాండన్, ఇషర్‌వుడ్ అనే ఇద్దరు, కడుపుతో ఉన్నప్పుడు తరచూ ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లకి ఈ జబ్బు తక్కువని లాన్సెట్ పత్రికకి ఒక చిన్న ఖత్ రాశారు. 1985లో ఫ్రాన్స్‌లో బోఫీస్ వంద మంది దాకా ఔరత్‌లతో పరీక్ష చేస్తే, ఆస్పిరిన్‌తో పాటు ఇంకో మందు వేసుకున్న వాళ్లలో ఒక్కరికీ జబ్బు రాలేదు, మిగతా వాళ్లలో ఆరుగురికి వచ్చింది. ఖుషీ అయిపోయారు. తర్వాత 1994లో క్లాస్ప్ అనే మహా పరీక్ష వచ్చింది. 9364 మంది ఔరత్‌లు, రోజుకి 60 మిల్లీగ్రాములు. తగ్గింది 12 శాతమే, అదీ ఇత్తేఫాక్ అయ్యుండొచ్చు. చాలా మంది డాక్టర్లు ఆస్పిరిన్ కితాబు మూసేశారు.

మూయకుండా ఉన్నవాళ్లు కొందరు ఒక సవాల్ వేశారు: ఎవరికి, ఎంత, ఎప్పుడు? క్లాస్ప్‌లో 12వ వారం నుంచి 32వ వారం దాకా ఎప్పుడు వచ్చినవాళ్లనైనా చేర్చుకున్నారు. ఏడో నెల్లో గోలీ మొదలుపెడితే, నాలుగో నెల్లోనే ఇరుకుగా ఉండిపోయిన నాళాల్ని అది ఏం చేస్తుంది? 2010లో కెనడా నుంచి బుజోల్డ్ జట్టు పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే, 16 వారాల లోపు మొదలుపెట్టిన వాళ్లకి జబ్బు సగానికి తగ్గింది, ఆలస్యం చేసిన వాళ్లకి చెప్పుకోదగ్గ ఫాయిదా లేదు. 2017లో లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్ ప్రొఫెసర్ కిప్రోస్ నికొలాయిడిస్ నాయకత్వంలో ఆస్ప్రే పరీక్ష దీన్ని ఖాయం చేసింది. 11 నుంచి 14 వారాల మధ్య వచ్చిన ఔరత్‌ల పాత ఆరోగ్య వివరాలు, బీపీ, గర్భసంచి రక్తనాళాల డాప్లర్ స్కాన్, ఖూన్‌లో డాకియా ప్రొటీన్, ఇవన్నీ కలిపి ఖత్రా ఎక్కువున్న వాళ్లని ఏరారు. 1776 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, ఇంకో జట్టుకి ఉత్త గోలీ 36 వారాల దాకా ఇచ్చారు. నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్త గోలీ జట్టులో 4.3 శాతం, ఆస్పిరిన్ జట్టులో 1.6 శాతం. నెలలు నిండాక వచ్చే రకాన్ని మాత్రం ఆస్పిరిన్ ఆపలేకపోయింది, ఆ సంగతీ చెప్పాలి. కానీ నెలలు నిండకముందు వచ్చే రకమే తల్లినీ బిడ్డనీ ఎక్కువ ముంచేది.

కాబట్టి "మూడు నెల్లు దాచు" అనే హుకుం డాక్టర్ దాకా వెళ్తే పోయేది సరిగ్గా ఆ నాలుగైదు వారాలే.

అన్ని సస్తా మందులూ ఇలా గెలవలేదు. విటమిన్ సి, ఇ మీద ఎంత ఆశ పెట్టుకున్నారో! 2006లో బ్రిటన్‌లో 2410 మందితో జరిగిన పరీక్షలో ఏమీ తగ్గలేదు, పైగా తక్కువ బరువు బిడ్డలు ఎక్కువ పుట్టారు. కాల్షియం కథ వేరు. 1980లో బెలిసాన్, విల్లార్ అనే ఇద్దరు గ్వాటెమాలాలో మాయా తెగ ఔరత్‌ల్ని చూసి తాజ్జుబ్ పడ్డారు. కడు గరీబ్‌లు, అయినా ఎక్లాంప్సియా తక్కువ. వాళ్లు మక్కల్ని సున్నపు నీళ్లలో నానబెట్టి రొట్టెలు చేసుకుంటారు. సున్నంలో ఉండేది కాల్షియమే. ఇది చదివి మీ దాదీ పాన్‌దాన్‌లోని చునా గుర్తొస్తే, దాని జోలికి పోకండి, నేను చెబుతున్నది రొట్టెల సంగతి. తర్వాత 1997లో అమెరికాలో 4589 మందికి కాల్షియం ఇస్తే ఫరక్ కనబడలేదు, వాళ్ల తిండిలో అప్పటికే సరిపడా ఉంది. తిండిలో కాల్షియం తక్కువున్న దేశాల్లో 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చూస్తే, జబ్బు సంఖ్య పెద్దగా తగ్గలేదు గానీ ఎక్లాంప్సియా, తీవ్రమైన కేసులు తగ్గాయి. 2024లో వచ్చిన ఫలితం మనకి దగ్గరిది. బెంగళూరులో 11 వేల మంది గర్భిణులు, టాంజానియాలో మరో 11 వేల మంది, రోజుకి 500 మిల్లీగ్రాములా, 1500 మిల్లీగ్రాములా అని తూకం వేశారు. బెంగళూరులో జబ్బు 500 వాళ్లకి 3.0 శాతం, 1500 వాళ్లకి 3.6 శాతం. అంటే గోలీలు మింగలేక మధ్యలో ఆపేసే మన ఆడవాళ్లకి తక్కువ మోతాదుతోనే పని జరగొచ్చు.

ఆస్పిరిన్ ఎవరికి? వెనకటి కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లు, ముందు నుంచే బీపీ, షుగర్, గుర్దాల బీమారీ లేదా లూపస్ ఉన్నవాళ్లు ముందు వరసలో ఉంటారు. తొలిచూలు, కవల పిల్లలు, నలభై దాటిన వయసు, బాగా లావు, అమ్మకో అక్కకో ఈ జబ్బు వచ్చి ఉండటం, ఇలాంటివి రెండు కలిస్తే డాక్టర్లు ఆలోచిస్తారు. గోలీ రాయాల్సింది డాక్టరమ్మే, మెడికల్ షాపు అబ్బాయి కాదు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానాల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేసే పథకం 2016 నుంచి నడుస్తోంది. మూడో నెల్లోనే వెళ్లి "మా ఇంట్లో ఫలానా వాళ్లకి ఝట్కే వచ్చాయి" అని నోరు తెరిచి చెప్పండి. బీపీ 140/90 దాటినా, గోలీకి లొంగని తలనొప్పి వచ్చినా, కళ్ల ముందు మెరుపులు కనబడినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, మొహం చేతులు ఒక్కసారిగా వాచినా, ఆ రాత్రే బయల్దేరాలి.

ఇంకొక మాట. కాన్పు అయిపోగానే ఖత్రా పోదు. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా వస్తాయి, ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో. ఆరు వారాల దాకా బీపీ చూస్తూ ఉండాలి. జచ్చాని చిల్లా నలభై రోజులూ గదిలోంచి బయటికి రానివ్వని ఇళ్లల్లో బీపీ యంత్రమే ఆ గదిలోకి రావాలి. ఈ జబ్బు వచ్చిన ఔరత్‌లకి తర్వాతి జిందగీలో గుండె జబ్బు, పక్షవాతం ఖత్రా మిగతా వాళ్ల కంటే సుమారు రెండింతలని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ కాన్పు ఫైల్‌ని పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌తో పాటు బీరువాలో పెట్టండి, యాభయ్యో ఏట గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం కూడా చూపించాలి.